ఇంటివద్ద బొంత కుట్టుకొను విధము

మన యశ్వారావుపేట యడవి యంచున నున్న యూరు. 2016వ సంవత్సరము వఱకు ఖమ్మము జిల్లాలోను, ఆ పిమ్మట భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలోను జేరి, ఆంధ్రప్రదేశ్ సరిహద్దునకు మిక్కిలి చేరువగా నున్నది. ఇచ్చటి యెండలను గూర్చి యెవరికిని చెప్ప నక్కఱలేదు. అయినను మార్గశిర పుష్య మాసములలో తెల్లవాఱుజామున అడవి మీదుగా వచ్చు చలిగాలి యెట్టిదో వసతిగృహములలోని బాలబాలికలును, ప్రొద్దు పొడువక మునుపే జీడితోటలకును పామాయిల్ తోటలకును పనికి బోవువారును బాగుగా నెఱుగుదురు. ఆ చలికి మన పెద్దలు కనుగొనిన సాధనము బొంత.

నేడు అంగళ్లలో రంగురంగుల రగ్గులు దొరకుచున్నవి. అందువలన నిండ్లలో బొంతలు కుట్టుకొనువారు తగ్గుచున్నారు. పాత చీరలు కొన్ని పెట్టెలలో మూలుగుచుండును. కొన్ని పాతబట్టలకు స్టీలుగిన్నె లిచ్చువారి మూటలోనికి పోవును. కుట్టవలెనని కోరిక గలవారు సైతము “అంత పెద్ద పని మావలన నగునా? అంత చోటు మాయింట నేది?” యని వెనుదీయుదురు. ఈ రెండు ప్రశ్నలకును ఒక్కటే సమాధానము కలదు. బొంత నంతయు నొక్కసారి కుట్టక, చిన్న చిన్న గడులుగా విభజించి, ఒక్కొక్క గడిని పూర్తిగా ముగించి, కడపట నన్నింటిని జోడించుటయే ఆ సమాధానము. ఆ పద్ధతిని, మేము తప్పులు చేసి నేర్చుకొనిన తీరుననే, ఇచ్చట వివరించుచున్నాము.

బొంత యననేమి?

పాతబట్టలను రెండు మూడు వరుసలుగా నొకదానిపై నొకటి పఱచి, సూది పైకిని క్రిందికిని పోవు సాదాకుట్టుతో నన్నిటిని కలిపి బిగించినది బొంత. దూది నింపిన పరుపులును రజాయిలును వేఱు. వానికి పూర్వము దూదేకులవారు వింటితో దూది నేకి యిచ్చెడివారు. బొంతకు దూది యక్కఱలేదు. మెత్తబడిన పాతబట్టయే దానికి పైపొరయు, లోపొరయు, అడుగుపొరయు నగును.

ఇది మనకు మాత్రమే తెలిసిన విద్య కాదు. సంస్కృతమున దీనిని కంథ యందురు. వంగదేశమున కాంథా, మహారాష్ట్రమున గోధడీ, కర్ణాటకమున కౌది యని పేరులు. బౌద్ధభిక్షువుల చీవరము సైతము ముక్కలు జోడించి కుట్టినదే. మగధలోని వరిమడులను జూపి, ఆ మడులవలె గట్లతోను గడులతోను చీవరమును కూర్పుమని బుద్ధు డానందునికి చెప్పినట్లు వినయపిటకమున గలదు. మన ఖమ్మము జిల్లా నేలకొండపల్లిలో బౌద్ధస్తూప మున్నది గావున, అట్టి గడుల వస్త్రములు ధరించినవారు ఈ ప్రాంతమున సంచరించిన కాల మొకటి కలదని తెలియుచున్నది.

బొంత వెచ్చగా నుండుటకు కారణమేమి? బట్ట తనంతట తాను వేడిని పుట్టింపదు. పొరకును పొరకును నడుమ చిక్కుకొనిన గాలి కదలక నిలిచి, మన శరీరపు వేడిమిని వెలుపలికి త్వరగా పోనీయదు. కావుననే యొక దట్టమైన దుప్పటికంటె నాలుగు పలుచని పొరల బొంత హెచ్చు వెచ్చదనము నిచ్చును. పొరలు ముడుతపడి యొకచోట ముద్దగట్టినచో తక్కిన చోట గాలి నిలుచుట కెడముండదు. అచ్చట చలి దూఱును. పొరలను సమముగా నిలుపుటయే కుట్టు యొక్క ముఖ్యప్రయోజనము.

మా మొదటి ప్రయత్నము

మా తల్లిగారు ప్రభువునందు నిద్రించిన పిమ్మట ఆమె కట్టిన నూలుచీరలు నాలుగు మాకు మిగిలెను. వానితో నొక బొంత కుట్టి యుంచుకొందమని మేమును మా చెల్లెలును దలచితిమి. చీరలను మడతలు వేసి వసారాలో పఱచి, నాలుగు మూలల రాళ్లుంచి, ఒక కొననుండి కుట్ట నారంభించితిమి. వారము దినములలో ముగియునని మా యూహ.

మొదటి మూరెడు బాగుగనే సాగెను. అటుపిమ్మట చేయి నడిమికి అందలేదు. బొంతమీదనే మోకరించి కుట్టగా అడుగుపొర జరిగి ముడుతలు పడెను. ప్రతి సాయంకాలము పఱచుటయు, ప్రతి రాత్రి చుట్టుటయు వలన పొరలు మఱింత తొలగెను. బంధువులు వచ్చినప్పుడు వసారా ఖాళీ చేయవలసి వచ్చెను. వానలు వచ్చినప్పుడు పని నిలిచెను. తుదకు దానిని చుట్టి యటకపై వేసితిమి. రెండేండ్ల తరువాత దింపి చూడగా ఎలుకలు ఒక చీరను చాలవఱకు కొఱికి వేసియుండెను. తల్లి చీరలను కాపాడవలెనని పూనుకొని మేమే వానిని పాడుచేసితిమి గదా యని మిక్కిలి వగచితిమి.

మా పొరుగింటి పెద్దమ్మ యొకతె ఆ చుట్టను విప్పి చూచి, “ఊరంతా ఒక్కతే ఊడుస్తదా బిడ్డా? ఎవరి వాకిలి వాళ్లు ఊడ్చుకుంటే ఊరు దానంతటదే బాగైతది” అని నవ్వెను. కుట్లన్నియు విప్పి, మంచి భాగములను చదరములుగా కత్తిరించి, ఒడిలో పట్టునంత ముక్కను మాత్రమే యొక్కసారి చేతబట్టుమని యామె చెప్పెను. ఆ మాటయే మాకు మొదటి పాఠము.

పని యెంతయో ముందుగా లెక్కించుట

పెద్దపని భయము గొల్పుట కొక కారణము దాని కొలత తెలియకుండుట. కావున సూది పట్టక మునుపు బలపము పట్టవలెను.

ఒక మనిషికి చాలు బొంత 60 అంగుళముల వెడల్పును 80 అంగుళముల పొడవును గలది. దీనిని 20 అంగుళముల చదరపు గడులుగా విభజించినచో అడ్డముగా 3, నిలువుగా 4, మొత్తము 12 గడు లగును. జోడించుటకు నాలుగువైపుల అంగుళ మంగుళము వదలవలెను గావున ఒక్కొక్క ముక్కను 22 అంగుళములకు కత్తిరింపవలెను. పైపొర యొకటి, లోపొరలు రెండు, అడుగుపొర యొకటి, వెరసి గడికి 4 ముక్కలు. 12 గడులకు 48 ముక్కలు.

ఆఱుగజముల చీర 216 అంగుళముల పొడవు. వెడల్పు 45 అంగుళము లున్నచో అడ్డముగా 2, పొడవున 9, మొత్తము 18 ముక్కలు వచ్చును. కావున చినుగు లేని చీరలు మూడైనచో 54 ముక్కలు లభించును. పాతచీరలలో చివికిన భాగము కొంత పోవును గనుక నాలుగు చీరలు సిద్ధముగా నుంచుకొనుట మేలు. మా నాలుగవ చీరలో ఎలుకలు మిగిల్చినవి అయిదు ముక్కలే. అయినను మొత్తము 48 సరిపోయినవి.

ఇక కుట్టు. ప్రతి గడి నడుమ 18 అంగుళముల చదరమున అంగుళమున కొకటి చొప్పున 19 వరుసలు కుట్టవలెను. అది 342 అంగుళములు. పండ్రెండు గడులకు 4,104 అంగుళములు, అనగా సరిగా 114 గజములు. అంగుళమునకు మూడు కుట్లు వేసినచో మొత్తము 12,312 కుట్లు. ఈ సంఖ్యను చూచినవారికి గుండె జారును. కాని సాయంకాలమున నాలుగు వరుసలు కుట్టినచో అయిదు దినములలో ఒక గడి ముగియును. అఱువది సాయంకాలములలో పండ్రెండును ముగియును. విజయదశమి దాటినది మొదలు కుట్టినచో క్రిస్మసు నాటికి గడులు సిద్ధము. పని తగ్గలేదు, పని యొక్క రూపము మాత్రము మాఱినది.

బట్ట నెన్నుకొనుట

మొదటిది: నూలుబట్టనే తీసికొనవలెను. పాలియెస్టరు మొదలగు కృత్రిమపు బట్టలు చెమటను సరిగా పీల్చవు, పొరలలో నిలువక జాఱును. అంతేకాక మన యిండ్లలో చలికాలమున నెగడుచుట్టు కూర్చుండుట వాడుక. నిప్పురవ్వ పడినచో అట్టి బట్ట కరగి చర్మమున కంటుకొనును. ఈ విషయమున మిక్కిలి జాగ్రత్త వలయును.

రెండవది: బట్టను వెలుతురునకు ఎత్తిపట్టి చూడవలెను, రెండు చేతులతో మెల్లగా లాగి చూడవలెను. పోగులు విడిపోవు భాగమును వదలివేయవలెను. పలుచనిదైనను చినుగనిదానిని లోపొరకు వాడవచ్చును.

మూడవది: క్రొత్తబట్టను కలుపవలసివచ్చినచో ముందుగా నానబెట్టి, ఉదికి, ఆరవేయవలెను. నేయునప్పుడు బిగువుగా లాగబడిన పోగులు నీట తడిసి ఉబ్బి, తమ బిగువును వదలి పొట్టివగును. పాతబట్ట పూర్వమే ముడుచుకొని యుండుటచేత అది కదలదు. ఉదుకని క్రొత్తమాసిక పాతవస్త్రమును చింపునని మన రక్షకుడు చెప్పిన యుపమానమును మత్తయి, మార్కు, లూకా సువార్తలు మూటియందును చదువుచున్నాము. అది కుట్టుపని యెఱిగినవారి యింటి యనుభవమే.

నాలుగవది: ముదురురంగు బట్టపై తడిసిన తెల్లగుడ్డను రుద్ది చూడవలెను. రంగంటినచో ఆ బట్టను పలుమాఱు ఉప్పునీటను మంచినీటను ఉదికి, మఱల రుద్ది చూడవలెను. అప్పటికిని రంగు దిగుచున్నచో దానిని విడుచుటయే మేలు. మేమీ పరీక్ష చేయకపోవుటచేత ఒక యెఱ్ఱచీర రంగు ప్రక్కనున్న తెల్లగడిలోనికి దిగినది. ఆ మరక నేటికిని పోలేదు.

అయిదవది: పడుగు పేకల వెంబడి తిన్నగా కత్తిరింపవలెను. ఏటవాలుగా కత్తిరించిన ముక్క సాగి చదరము తప్పును. జరీయంచు ఒంటికి గీచుకొనును గావున దానిని తీసివేయవలెను. నూలంచులను మాత్రము దాచియుంచవలెను. వాని యుపయోగము కడపట వచ్చును.

ఒక గడిని కుట్టు విధము

వలయు సాధనములు కొన్నియే: లావుపాటి నూలుదారము, పొడవైన సూది, కత్తెర, గుండుసూదులు, సుద్దముక్క, వ్రేలికి తొడుగు, 20 అంగుళముల చదరముగా కత్తిరించిన గట్టియట్ట.

అడుగుపొరను తలక్రిందుగా పీటపై పఱచి, దానిపై లోపొరలు రెండును, అన్నిటిపై పైపొరను మంచివైపు కనబడునట్లు పఱచవలెను. అరచేతితో నడుమనుండి అంచులకు దువ్వి ముడుతలు తీయవలెను. పిమ్మట ములుగఱ్ఱవలె మూలనుండి మూలకు రెండు వరుసలు పొడవైన కచ్చాకుట్టు వేయవలెను. ఈ కుట్టును బద్ధకించి మానినవారు తరువాత రెండింతలు విప్పుకొందురు.

ఇప్పుడు 18 అంగుళముల చదరమును సుద్దతో గీచి, దానిలో 19 గీతలు గీయవలెను. మొట్టమొదట నడిమి గీతను, అనగా పదవదానిని కుట్టవలెను. తరువాత దాని కుడిప్రక్కది, ఆపై నెడమప్రక్కది, ఇట్లు ఇరువైపులకు సాగవలెను. నడుమనుండి వెలుపలికి పోవుటచేత మిగులుబట్ట యంచునకు జరగును. దారము గజమునకు మించినచో చిక్కుపడును. ముడిని పొరల నడుమకు లాగి దాచవలెను. దారమును బిగించి లాగరాదు, వదులుగా విడువరాదు, కుట్టిన వరుసపై బొటనవ్రేలితో నొకమాఱు సర్దినచో సరిపోవును.

గడి ముగిసిన పిమ్మట కచ్చాకుట్టు తీసివేసి, అట్టను నడుమ నుంచి చుట్టును గీత గీయవలెను. ఈ రెండవ గీత యే యేల? కుట్టు బట్టను కొంత లోపలికి లాగును; ఎంత లాగునది కుట్టువారి చేతిని బట్టి యుండును. మా పండ్రెండు గడులలో ఆఱు మేము కుట్టితిమి. ఆఱు సత్తుపల్లిలో నున్న మా చెల్లెలు కుట్టెను. ఆమె చేయి బిగువు. రెండిండ్ల గడులను ప్రక్కప్రక్కన బెట్టగా ఆమె గడులు అరయంగుళము చిన్నవిగా నుండెను. ఒక్కయట్టతో నన్నిటిపై గీచిన పిమ్మట భేదము తొలగిపోయెను. అంచున వదలిన అంగుళము ఇట్టి యవసరమునకే.

గడులను జోడించుట

రెండు గడుల మంచివైపులను ఎదురెదురుగా నుంచి, రెండింటి లోపొరలను అడుగుపొరలను వెనుకకు మడిచి గుండుసూదులతో నిలిపి, పైపొరలను మాత్రము గీతవెంబడి కుట్టవలెను. దీనికి మిషను వాడినను తప్పులేదు. తరువాత గడులను విప్పి బోర్లించి, లోపొరల అంచులు ఒకదానిపై నొకటి యెక్కక సరిగా తాకునట్లు కత్తిరింపవలెను. ఎక్కినచో అచ్చట కట్టవలె లేచి ఒంటికి గ్రుచ్చుకొనును. అటుపిమ్మట ఒక అడుగుపొరను చదునుగా పఱచి, రెండవదాని యంచును లోనికి మడిచి, దానిపై నుంచి చేతితో సన్నని అంచుకుట్టు వేయవలెను. కడపట అతుకునకు ఇరువైపుల అరయంగుళము దూరమున నొక్కొక్క వరుస సాదాకుట్టు వేసినచో లోపొరలు కదలవు.

జోడించుటలో వరుస ముఖ్యము. మొదట మూడేసి గడులను కలిపి నాలుగు పట్టెలు చేయవలెను. ఇందు 20 అంగుళముల అతుకులు ఎనిమిది. తరువాత మొదటి పట్టెను రెండవదానితోను, మూడవదానిని నాలుగవదానితోను కలుపవలెను. నడిమి అతుకును చివరకు వేయవలెను. ఇట్లు చేసినచో బొంత బరువంతయు ఒడిలో నుండునది ఒక్క అతుకునకు మాత్రమే.

ఇక చుట్టంచు. బొంత చుట్టుకొలత 280 అంగుళములు. చీర కిరువైపుల అంచులుండును గనుక ఒక్క చీరనుండి 432 అంగుళముల అంచు లభించును. చీరయంచు దట్టముగా నేయబడి గట్టిగా నుండును గావున బొంత యంచునకు దానిని మించినది లేదు.

ఈ పద్ధతి వలన మఱియొక లాభము కలదు. కొన్నియేండ్లకు ఏదైన గడి చినిగినను కాలినను, దాని చుట్టుకుట్టు విప్పి ఆ గడిని మాత్రము మార్చవచ్చును. మొత్తముగా కుట్టిన బొంతలో నిది సాధ్యము కాదు.

అన్యప్రాంతముల సంగతి

కర్ణాటకమున ఉత్తరకన్నడ జిల్లా యడవులలో నివసించు సిద్దీలు ఆఫ్రికా సంతతివారు. వారి స్త్రీలు కుట్టు కవంది యను బొంత మన పద్ధతికి విపరీతము. వారు వెలుపలి యంచున నారంభించి చుట్టుచుట్టి నడిమికి వచ్చి ముగింతురు; మూలలయందు ఫుల యను మడతపువ్వును తప్పక కుట్టుదురు. అమెరికాలో అలబామా రాష్ట్రమున గీస్ బెండ్ అను పల్లెలోని నల్లజాతి స్త్రీలు పొలములో తొడిగి చివికిన బట్టలతో తమ బిడ్డల చలి బాపుటకు బొంతలు కుట్టిరి. ఆ బొంతలను 2002లో న్యూయార్కు నగరపు విట్నీ మ్యూజియమున ప్రదర్శించిరి. 2006లో ఆ దేశపు తపాలాబిళ్లలపై ముద్రించిరి. పెద్దచట్రము లేకయే ఒడిలో నుంచుకొని గడిగడిగా కుట్టు పద్ధతిని బోధించుచు జార్జియా బోన్‌స్టీల్ అను నామె 1982లో నొక పుస్తకమును ప్రకటించెను. మా పెద్దమ్మ ఆ పుస్తకమును చూడలేదు. చిన్నయిండ్లు గలవారందఱికిని ఒక్కతీరు కష్టమే గావున ఒక్కతీరు యుక్తియే తోచినది.

ముగింపు

మన ప్రాంతమున మిషను వారికిని సూదిపనికిని సంబంధము పాతది. దుమ్ముగూడెమునను నరసాపురమునను మిషనరీలు లేసు అల్లిక నేర్పిరి. ఆ లేసు దూరదేశముల అంగళ్లకు పోయినది. బొంతను మాత్రము మన కెవరును నేర్పలేదు. అది మన అవ్వల చేతిలోనే యుండెను. అట్టిదానిని మనమే మఱచుట తగునా? “అతుకుల బొంత” యని హీనముగా పలుకుట మనకు వాడుక. అతుకు సరిగా వేయుట యెంత కష్టమో తెలిసినవా రట్లు పలుకరు. యొప్పేలో తబితా యను దొర్కా మరణించినప్పుడు విధవరాండ్రు ఆమె కుట్టిన వస్త్రములను చూపి యేడ్చిరని అపొస్తలుల కార్యములలో చదువుచున్నాము. ఆమెను గూర్చి చెప్పుటకు వారికి కుట్టుకంటె మించిన సాక్ష్యము కనబడలేదు.

మా తల్లి బొంత యొక సంవత్సరము మా యింటను, ఒక సంవత్సరము మా చెల్లెలి యింటను ఉండును. ఎలుకలు మిగిల్చిన యైదు ముక్కలును పైపొరలోనే యున్నవి. పిల్లలు వానిపై వ్రేలుంచి “ఇది అవ్వ చీర” యని యొకరి కొకరు చెప్పుకొందురు.

విద్యార్థినీ విద్యార్థులారా! ఈ పని బాలికలకు మాత్రమే యని బాలురు తలపవలదు. సూదికి ఆ భేదము తెలియదు. రాబోవు సెలవులలో మీరొక్కొక్కరు ఒక్కొక్క గడి కుట్టి తెండు. అట్ట కొలత యందఱికి నొక్కటే యుండవలెను. ముప్పదియాఱుగురు గల తరగతి మూడు బొంతలు కుట్టగలదు. చలికి వణకుచు నిద్రించువారు మన యూరిలో ముగ్గురైన నుందురు. తలిదండ్రులారా! మీ పెట్టెలోని పాతచీరలను గిన్నెలవానికి వేయక మునుపు, ఒకటి రెండింటిని పిల్లల చేతి కిండు.